నీళ్లలాంటి గాజులో రాగి

భారతీ,

ఎలా ఉన్నావని అడగను. నువ్వు పోయి ఏడేళ్లు దాటింది. ఈ ఏడేళ్లలో నీకు చెప్పదగ్గ సంగతి ఒక్కటీ జరగలేదు, అందుకే రాయలేదు. ఇప్పుడు జరిగింది.

నీ గాజు ముక్కను పొడి కొట్టించాను.

కోప్పడకు. మొత్తం చదివాక కోప్పడు...

నేను మదనపల్లెలోనే ఉన్నాను. కాలేజీ లైబ్రరీ నుంచి రిటైరై చాలా కాలమైంది. అక్కడి లెక్చరర్లు ఇప్పటికీ నన్ను బజారులో చూస్తే "పుస్తకాలాయన" అంటారు, పేరు గుర్తుండదు. వాళ్లు అడగని పుస్తకాలన్నీ నేను చదివాను. వాళ్లు అడిగిన నాలుగూ ఎలాగూ చదివాను. ఈ మాట అన్నప్పుడల్లా నువ్వు నవ్వేదానివి. "నువ్వు సదివినావు సరే అన్నా, వాళ్లు సదవలేదని నీకు యాల అంత సంతోసం?" అనేదానివి.

సంతోషం కాదమ్మా, కసి. ఈ ఉత్తరంలో అది కూడా ఉంటుంది. లేకపోతే నేను రాసినట్టు నువ్వు నమ్మవు.

నీకు తెలిసినదే అయినా మొదటి నుంచి రాస్తాను. వరసగా రాసుకుంటే తప్ప నాకు ఇప్పుడు ఏదీ నిలవడం లేదు.

నువ్వు కుప్పంలో కెమిస్ట్రీ చెప్పే రోజులు. పిల్లలకు గాజు ఎలా పుడుతుందో చూపించాలని పట్టుబట్టావు. బైరెడ్డిపల్లె దగ్గర గుట్ట మీద తెల్ల పలుగురాళ్లు ఏరి, దంచి, జల్లించి, చాకలి సోడా, వెలిగారం కలిపి సంచిలో పెట్టుకున్నావు. కరిగించడానికి కొలిమి ఏది? మీ కాలేజీలో ఉన్న స్పిరిటు దీపం మీద కాఫీ కూడా కాగదు. అప్పుడు నేనే చెప్పాను, పుంగనూరులో పశువుల మెడ గంటలు పోత పోసే గంగులప్ప ఉన్నాడని. ఈ కథలో నా గొప్ప అంతే.

నువ్వు బస్సు దిగి నేరుగా వాళ్ల కొలిమి దగ్గరికి పోయి కొత్త మూస అడిగావు. లోహం కరిగించే ఆ మట్టి పాత్రలు చూరు కింద వరసగా ఆరబెట్టి ఉన్నాయి. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కొత్త మూసలో మొదట కంచే పొయ్యాలమ్మా. ఇంకేం పోసినా మా అమ్మోరికి కోపం. వాడిన మూస కావాలంటే ఈడ ఉండాది, తీసుకో."

అంతే, వాడిన మూసే తీసుకున్నావు. ఎన్ని గంటలు పోశాడో దాంట్లో... లోపలి గోడలకు కంచు పట్టి నల్లగా ఉండింది. ఆయన నీ పొడి అందులో పోసి, ఎప్పటి అలవాటు కొద్దీ పైన బొగ్గుపొడి కప్పి, మూత పెట్టి మట్టితో మెత్తాడు. కంచు కరిగించేటప్పుడు గాలి తగిలితే లోహం కాలిపోతుంది కదా, అందుకని వాళ్లు అలా మూస్తారు. గాజుకు అవసరం లేదని నువ్వు చెప్పబోతే, "నా కొలిమి, నా పద్ధతి" అన్నాడట. ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి అదే గొంతుతో చేసి చూపించావు.

గాజు నీళ్లలా వచ్చింది. చిన్న చిన్న ముక్కలు చేసి డబ్బాలో వేసుకున్నావు. నాకొకటి ఇచ్చావు, ఉసిరికాయంత.

తర్వాత నువ్వూ నేనూ మదనపల్లెలో చీర కొనడానికి పోయాం. గుర్తుందా? పర్సు కోసం నువ్వు సంచిలో ఉన్నవన్నీ గల్లాపెట్టె మీద పెడుతున్నావు. దొంగనోట్లు కనిపెట్టే ఊదా దీపం అప్పుడే కొత్తగా వచ్చింది, షాపాయన దాన్ని పొద్దస్తమానం వెలిగించి ఉంచేవాడు. ఆ దీపం కింద నీ గాజు ముక్క పచ్చగా వెలిగింది. లేత వేపాకు రంగు.

"ఏందమ్మా ఇది, మణా? నాగుబాముకాడ తెచ్చినావా?" అన్నాడు షాపాయన.

నువ్వు చీర సంగతి మరిచిపోయావు. దీపాన్ని ఆర్పి చూశావు, వేసి చూశావు. షాపాయన విసుక్కునే దాకా. షాపాయన గాజు గ్లాసు వెలగలేదు, సోడా బుడ్డి వెలగలేదు, నీ చేతి గాజులు వెలగలేదు. ఇదొక్కటే యాల? బస్సు స్టాండు దాకా నీ నోట అదే మాట.

నాకు నువ్వు విడమరిచి చెప్పిన తీరు ఇప్పటికీ మరుపు రాదు. "గాజు వెలగదు అన్నా. గాజు ఇల్లు మాత్రమే. కంటికి కనపడని వెలుగు దీపం నుంచి పడతాండాది. లోపల కాపురముండే లోహమేదో దాన్ని పట్టుకుని, లోపల కొంత పోగొట్టుకుని, మిగిలిందాన్ని మనకు కనపడే రంగులో వదుల్తాండాది. ఆ ఇంట్లో ఉండేది ఎవురు? అదీ తెలియాల్సింది."

రాగి అని నీ అనుమానం. మూస గోడకు పట్టిన కంచులోంచి గాజులోకి దిగిన రాగి.

దాన్ని రాసుకుని మా కాలేజీలో జరిగిన సదస్సులో చదివావు. యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆ పెద్దాయన ముందు వరసలో కూర్చున్నాడు. పేరు రాయను. రాస్తే ఈ కాగితానికి అంటుకుంటుంది. నేను వెనక తలుపు దగ్గర నిలబడి ఉన్నాను, లైబ్రరీ వాళ్లకు కుర్చీలు వేయలేదు. ఆయన లేచి, "రాగి ఉంటే గాజు నీలంగా ఉండాలి, లేదా ఎర్రగా ఉండాలి. నీళ్లలాంటి గాజులో రాగి ఎక్కడుందమ్మా? మీ చీర అంచులోనా?" అన్నాడు. హాలంతా నవ్వింది. మా ప్రిన్సిపాల్ అందరికంటే గట్టిగా నవ్వాడు, ఆయన చెప్పేది చరిత్ర పాఠాలు. తర్వాత పెద్దాయన తీర్పు చెప్పాడు. రాతిలోనో మూస మట్టిలోనో మాంగనీసు ఉంటుంది, అది పచ్చగా వెలుగుతుంది, ఇందులో పరిశోధన ఏమీ లేదు, కూర్చోండి.

నువ్వు కూర్చోలేదు. "సార్, రాగి రెండు తీర్లుగా ఉంటాది" అని మొదలుపెట్టావు. రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న రాగి నీలం, అది వెలగదు, పైగా పక్కవాళ్ల వెలుగు కూడా తాగేస్తుంది. ఒక్కటే పోగొట్టుకున్న రాగికి రంగే ఉండదు, వెలిగేది అదే. బొగ్గు కప్పి మూసినందువల్ల ఈ గాజులో రాగి ఆ రెండో తీరులో ఆగిపోయి ఉండాలి... ఇంత చెప్పేలోపు భోజనాలకు గంట కొట్టారు. హాలు ఖాళీ. నువ్వు బోర్డు తుడిచి దిగావు.

నేను అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. దొరికిన ప్రతి పుస్తకం, పాత జర్నల్ తెప్పించి చదివాను. నువ్వు చెప్పినట్టు ఉండొచ్చని అన్నిటిలో ఉంది. ఇదే ముక్కలో అలా ఉందని ఎందులో ఉంటుంది?

దానికి దారి కూడా నువ్వే చెప్పావు. అప్పటికే నీ కడుపులో గడ్డ సంగతి తెలిసింది. "సురేకారం కలిపి, మూత లేకుండా మళ్లీ కరిగించాల అన్నా. గాలి, సురేకారం రెండూ కలిసి లోపలున్నోడి వేషం మారుస్తాయి. రాగి అయితే నీలంగా తేల్తాది. మాంగనీసు అయితే వంకాయ రంగు. ఆర్పి సూస్తే తప్ప యాడి నుంచి వచ్చిందో తెలీదు." కుప్పం పోయి డబ్బా తెచ్చుకుని పుంగనూరులో చేస్తానన్నావు. కుప్పం పోయావు గానీ చేసే ఓపిక నీకు మిగల్లేదు.

నువ్వు పోయాక నీ అద్దె ఇల్లు ఖాళీ చేయడానికి మన బావ వచ్చాడు. నేను వెళ్లేసరికి డబ్బా చెత్తకుప్పకు పోయింది. "గాజు పెంకులేగదప్పా, పిల్లోళ్ల కాళ్లకు గుచ్చుకుంటాయని పారేసినా" అన్నాడు. ఆ కుప్పలో నేను పొద్దుగూకే దాకా వెదికాను. బావ ఆటోలో కూర్చుని హారన్ కొట్టించాడు. ఇప్పటికీ ఆయనతో నేను మాట్లాడను. అక్కయ్య అడిగితే చెవుడు అంటాను.

కాబట్టి మిగిలింది నా దగ్గరున్న ఉసిరికాయంత ముక్క ఒక్కటే.

ఒక ఊదా దీపం కొనుక్కున్నాను. చీకటి పడ్డాక తలుపు వేసి ముక్కను దాని కింద పెట్టేవాణ్ణి. పచ్చగా వెలిగేది. అలా నిన్ను పలకరించేవాణ్ణి అని రాస్తే బాగుంటుంది గానీ, నిజానికి ఎక్కువసార్లు ఆ పెద్దాయన్ని తిట్టుకునేవాణ్ణి. ఆ ముక్క ఒక్కటే రుజువు. రుజువు చేయాలంటే దాన్ని ఆర్పాలి. ఆరిపోయాక వంకాయ రంగు వచ్చిందనుకో... నీ మాటా ఉండదు, నీ వెలుగూ ఉండదు. నాకేం మిగులుతుంది?

అలా ఏడేళ్లు గడిచాయి.

ఈ వేసవిలో మునిరత్నం వచ్చింది. నీ దగ్గర కుప్పంలో చదివిన బైరెడ్డిపల్లె పిల్ల, నువ్వు దాన్ని "ప్రశ్నల పుట్ట" అనేదానివి. ఇప్పుడు లెక్చరరు. లోహాలు కలిపిన గాజుల మీదే పరిశోధన చేస్తోంది. నా గురించి ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. వచ్చీ రాగానే, "సార్, మేడం గాజు మీకాడ ఉండాదంట గదా, సూపిస్తారా?" అంది. మంచినీళ్లు కూడా అడగలేదు.

చూపించాను. దీపం కింద పెట్టి అటూ ఇటూ తిప్పి చూసింది. తనతో ఒకసారి తీసుకుపోయి, ముక్క చెక్కు చెదరకుండా, వెలుగు రంగు కొలిచి తెచ్చింది. పనికి రాలేదు. ఆ పచ్చదనం రాగిదీ కావచ్చు, మాంగనీసుదీ కావచ్చు, రెండింటి రంగు పట్టీలూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయట. తను సొంతంగా రాగి కలిపి, బొగ్గు కప్పి చేసిన గాజు కూడా వెలిగింది. కానీ అది తన గాజు. నీ గాజులో వెలిగేది ఎవరో దానివల్ల తేలదు.

"మేడం చెప్పిన పరీక్షే చెయ్యాల సార్. ముక్క మొత్తం కావాల్సి వస్తాది. సగం సాలదు, మూస గోడకే అంటుకుపోతాది."

కుదరదన్నాను. ఆ అమ్మాయి ఎదురు చెప్పలేదు, బతిమాలలేదు. ఒకటే అడిగింది. "మేడం ఉంటే దాన్ని బీరువాలో పెట్టుకునేదా సార్?"

నువ్వు పెట్టుకునేదానివి కాదు. నాకు తెలుసు. ఆ పిల్ల వెళ్లాక నేను దానిమీద మండిపడ్డాను, నామీద మండిపడ్డాను, ఆ రాత్రి అన్నం మానేశాను. మర్నాడు ఫోను చేసి పుంగనూరు రమ్మన్నాను.

పుంగనూరులో కొలిమి ఇంకా ఉంది. పక్కన గంగులప్ప కొడుకు గేట్లకు వెల్డింగు చేస్తున్నాడు. గంగులప్ప బాగా ముసలివాడైనా గంటల ఆర్డరు వస్తే పోస్తున్నాడట. నిన్ను గుర్తు పట్టాడు, అంటే నీ పేరు చెప్పగానే. "గాజు మేడమ్మ! ఎన్ని ప్రశ్నలడిగేదప్పా... కొలిమి కంటే ఆయమ్మ నోరే ఎక్కువ మండేది" అన్నాడు. కోపం వచ్చింది. నవ్వూ వచ్చింది.

మునిరత్నం పింగాణి మూస తెచ్చుకుంది, లోహమేదీ తగలనిది. ముక్కను గుడ్డలో చుట్టి నా చేతికి సుత్తి ఇవ్వబోయింది. నా వల్ల కాలేదు. అదే కొట్టింది. ఆ పొడిలో చిటికెడు సురేకారం కలిపింది. మూత వేయకుండా కొలిమిలో పెట్టేసరికి గంగులప్ప లేచి నిలబడ్డాడు.

"మూత లేకుండా ఏందమ్మా ఇది! కాలిపోతాది!"

"కాలిపోవాల్నే గంగులప్పా."

"ఆయమ్మ శిష్యురాలే, అనుమానం లే" అని మళ్లీ కూర్చున్నాడు.

కరిగిన గాజును ఇనుప రేకు మీద పోసింది. వేడి మీద ఏ రంగూ తెలియదు, అంతా నిప్పు రంగే. అది చల్లారేదాకా ఆగాలి. చెప్పనా, నేను దేవుణ్ణి నమ్మను, పుస్తకాలు చదివి మానేశాను. అయినా ఆ కాసేపు ఎవరికో మొక్కాను. నిప్పు రంగు పోయింది, పసుపు పోయింది. అంచుల నుంచి మెల్లగా...

నీలం.

నెమలి మెడ నీలం, భారతీ. వంకాయ రంగు ఎక్కడా లేదు.

ఊదా దీపం వేశాం. వెలుగు లేదు. రాయిలా పడి ఉంది.

నేను ఏడుస్తానని మునిరత్నం అటు తిరిగి నిలబడింది. నాకు ఏడుపు రాలేదు. నీళ్లలాంటి గాజులోంచి రాగి బయటికి వచ్చి కూర్చుంది. ఆ హాల్లో నవ్విన వాళ్లందరినీ అక్కడికి పిలిచి, వరసగా నిలబెట్టి చూపించాలనిపించింది. కొందరు పోయారు. ప్రిన్సిపాల్ పోయాడు, బతికిపోయాడు.

పెద్దాయన ఉన్నాడు. చిరునామా కనుక్కుని, ఆ నీలంలోంచి చిన్న పలుకు కొట్టి, దూదిలో చుట్టి పోస్టు చేశాను. ఏం జరిగిందో నాలుగు వాక్యాలు రాశాను. కింద ఇంకొకటి రాశాను. "ఇది చీర అంచులో దొరికింది కాదు." పదేళ్లుగా ఆ వాక్యాన్ని చెక్కుతున్నాను. పోస్టు డబ్బాలో వేసిన రోజు రెండు గిన్నెల పాయసం తిన్నాను, చక్కెర జబ్బు ఉన్నా.

జవాబు వచ్చింది. కార్డు మీద వణికే అక్షరాలు. క్షమాపణ లేదు, నమస్కారం లేదు. "నీలం చూశాను. రాగి ఉంది, ఒప్పుకుంటాను. కానీ నీలం రాగి ఇంకొకరి వెలుగును కూడా మింగగలదని ఆ రోజు ఆ అమ్మాయే చెప్పింది. మింగినంత మాత్రాన వెలిగింది తనే అవుతుందా? మళ్లీ వెలిగించండి. రాగి పెంచితే వెలుగు పెరుగుతుందా? అది చూపించండి."

చించబోయాను. సగం చించాను కూడా. పదేళ్లకు కూడా తన పట్టు విడవని మొండి మనిషి! ఆ సగం చిరిగిన కార్డును మునిరత్నం ముందు విసిరేశాను. అది రెండుసార్లు చదివి, "సార్, ఆయన మాటలు మనకు గిట్టవు గానీ... ఇది సరైన ప్రశ్నే. మేడం ఉండుంటే ఆయమ్మే అడిగుండేది" అంది.

అప్పుడు నాకు ఇంకో సంగతి తట్టింది. నువ్వు భోజనాల గంటకు ముందు చెప్పిన మాట ఆయన విన్నాడు. విని, ఇన్నేళ్లు గుర్తు పెట్టుకున్నాడు. మరి ఆ రోజు ఎందుకు లేచి వెళ్లిపోయాడు? తెలియదు. అడగనూ అడగను.

మళ్లీ పుంగనూరు. మిగిలిన నీలాన్ని మునిరత్నం రెండు వాటాలు చేసి, ఈసారి వాటికి తగ్గ బుల్లి పింగాణి మూసలు తెచ్చింది. మొదటి దాంట్లో బొగ్గుపొడి మాత్రమే. రెండో దాంట్లో బొగ్గుపొడితో పాటు, గంగులప్ప గంటలకు ఆకురాయి పట్టినప్పుడు రాలిన కంచు రజను ఇసుమంత. కంచులో రాగితో పాటు తగరం ఉంటుంది, అది రాగి మళ్లీ నీలంగా మారకుండా కాపు కాస్తుందట. ఈసారి మూతలు గంగులప్పే మెత్తాడు. "ఇప్పుడు సక్కంగా చేస్తాండారు" అన్నాడు.

మొదటిసారి చెడింది. బొగ్గు ఎక్కువై రెండూ రక్తం రంగుకు తిరిగాయి. ఇక అంతా అయిపోయిందని నేను కొలిమి పక్కనే చతికిలబడ్డాను. మునిరత్నం మాత్రం, "బెదరొద్దు సార్, రాగి యాడికీ పోలేదు, ఇంగొక వేషం ఏసింది అంతే" అని మళ్లీ సురేకారంతో నీలానికి తెచ్చి, మళ్లీ మొదలుపెట్టింది. నీ ఓపికే వచ్చింది దానికి.

రెండోసారి నీళ్లలా వచ్చాయి. రెండో ముక్కకు ఒక మూల ఎర్ర జీర ఉండిపోయింది. గంగులప్ప తలుపు మూశాడు. దీపం వేశాం.

మొదటిది వెలిగింది, కొంచెం మసగ్గా. కంచు రజను తిన్నది దానికి రెండింతలు వెలిగింది. అదే పచ్చ. గంగులప్ప ముందుకు వంగి, "అయితే ఇన్నాళ్లూ మా గంటలోళ్ల రాగేనా ఇది?" అన్నాడు. అవునయ్యా, నీదే అన్నాను. అమ్మోరిది అని సరిదిద్దాడు.

నువ్వు చెప్పిందే నిజం భారతీ. ఇంట్లో ఉన్నది రాగే.

అక్కడితో అయిపోలేదట. ఆ వెలుగు ఒంటరి రాగిదా, పక్కపక్కన కూర్చున్న జంటదా అన్నది ఇప్పుడు మునిరత్నం ప్రశ్న. వెలుగు ఎంతసేపు నిలిచి ఆరుతుందో కొలవాలంటోంది. ఆ పని చేసే యంత్రం కోసం వరసలో పేరు రాయించుకుంది. తన పేపర్లో మొదట నీ పేరు వేస్తానంది. పోయినవాళ్ల పేరు వేయనిస్తారా అన్నాను. "వెయ్యనియ్యకపోతే కొట్లాడతా" అంది. కొట్లాట అంటే నాకు ఓపిక ఉందని నీకు తెలుసు. నేనూ ఉంటాను.

పెద్దాయనకు ఈసారి ముక్క పంపలేదు. వెలుగు పోస్టులో రాదు, వచ్చి చూసుకోండి అని రాశాను. వస్తున్నాడు. కొడుకు కారులో, వచ్చే వారం, పుంగనూరుకు. ఒక కంటికి ఆపరేషన్ అయిందట, రెండోది అవ్వాలట. మసక కంటితో పచ్చ సరిగ్గా తెలుస్తుందో లేదో... తెలిసే దాకా కూర్చోబెడతాను.

ఆయనతో మర్యాదగా ఉంటానని నీకు మాట ఇవ్వలేను. చీర అంచు సంగతి ఎత్తకుండా ఉంటాననీ చెప్పలేను. ఒక్క మాట మాత్రం ఇస్తున్నాను. కుర్చీ వేయిస్తాను. నువ్వు ఆ రోజు చెప్పలేకపోయిన మిగతా సగం మునిరత్నం చెబుతుంది, ఆయన కూర్చుని మొత్తం వింటాడు. విన్నాక దీపం స్విచ్చి ఆయన చేతే వేయిస్తాను.

మీ అన్న